పేర్లు దిద్దని పత్రాల ఆఫీసు

విశాఖపట్నంలో కోర్టు వైపు, జిరాక్సు షాపుల సందులో, మేడ మీద ఒకే గది. బోర్డు మీద "పాత రికార్డులు, అఫిడవిట్లు, పౌరసత్వ పత్రాలు" అని ఉంటుంది. మా నాన్న పాస్‌పోర్టు పని మీద ఆరు నెలలు ఆ మెట్లు ఎక్కి దిగాను. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో చెప్పేటప్పుడు కాస్త కటువుగానే రాస్తాను, అందుకే ఆఫీసు పేరు రాయడం లేదు.

ముందు మా సంగతి చెప్పాలి. నాన్న 1957లో రంగంలో పుట్టాడు. మా శ్రీకాకుళం వైపు రంగూన్‌ని రంగమనే అంటారు. "ఆడు రంగమెల్లిపోనాడు" అంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలని. యుద్ధం అయిపోయాక మా తాత అక్కడికి వెళ్ళి రేవులో మూటలు మోశాడు. 1964లో బర్మా సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసేశాక మనవాళ్ళు ఓడలెక్కి వచ్చేశారు కదా, ఆ వరసలో 1965లో తాత, మామ్మ, ఎనిమిదేళ్ళ నాన్న, ఒక ట్రంకు పెట్టె ఇక్కడ దిగారు. ఆ తర్వాత అరవై ఏళ్ళు ఆ పెట్టెతో ఎవరికీ పని పడలేదు. నాన్న ఇక్కడే చదువుకున్నాడు, జూటుమిల్లులో పనిచేశాడు, ఒక్క ఎన్నిక వదలకుండా ఓటేశాడు.

తమ్ముడికి సింగపూర్‌లో పాప పుట్టింది. మనవరాలిని చూడ్డానికి వెళ్ళాలంటే నాన్నకి పాస్‌పోర్టు కావాలి. దరఖాస్తులో పుట్టిన ఊరు గడి దగ్గర ఆగాం. బంధువొకాయన "శ్రీకాకుళం అని రాసెయ్యండి, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు. నాన్న వినలేదు. "ఇప్పుడు మా అమ్మ నన్ను ఇంకో ఊళ్ళో కన్నాదని చెప్పమంటావేటి?" అన్నాడు. రంగూన్ అనే రాశాం. బయటి దేశంలో పుట్టారు కాబట్టి భారత పౌరుడని చూపించే పత్రాలు తెమ్మన్నారు. అడగడం న్యాయమే. ఆధార్ ఉంది కదా అనుకున్నాను గానీ, ఆధార్ నంబరు పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే, తొమ్మిదో సెక్షన్‌లో రాసి ఉంది.

ట్రంకు తెరిచాం. నాఫ్తలిన్ వాసన, మామ్మ పెళ్ళినాటి కండువా, దాని కింద కాగితాలు. 1951 నాటిది ఒకటి, రంగూన్‌లోని మన రాయబార కార్యాలయం ముద్రతో, తాతని భారత పౌరుడిగా నమోదు చేసినట్టు. బర్మా వాళ్ళు విదేశీయులకిచ్చే గుర్తింపు పుస్తకం ఒకటి, లోపలంతా గుండ్రటి బర్మా అక్షరాలు. నాన్న పుట్టినప్పటి కాగితం, అదీ ఆ గుండ్రటి అక్షరాలే. ఓడ దిగినప్పటి చీటీ. ఆ తర్వాతవన్నీ ఇక్కడివి: బడి రికార్డు, 1974 పదో తరగతి సర్టిఫికెట్, మిల్లు సర్వీసు పుస్తకం, రేషన్ కార్డు.

తాత పేరు అప్పలస్వామి. ఒకదాంట్లో ఇంగ్లీషులో డబ్ల్యూ ఉంది, ఒకదాంట్లో లేదు, ఇంకోదాంట్లో "ఎ. స్వామి" అయిపోయి సగం పేరు పొట్టి అక్షరంగా మిగిలింది. నాన్న పేరు సింహాచలం. బడిలో ఎం హెచ్, పదో తరగతిలో ఎన్ హెచ్, మిల్లులో రెండు ఎంలు, హెచ్ మాయం. ఆధార్‌లో చివర యు చేరి సింహాచలము అయింది. ఇంటిపేరు కొన్నిట్లో ముందుంది, కొన్నిట్లో వెనకుంది, రంగం కాగితాల్లో అసలు లేనే లేదు. తెలుగులో రాస్తే ఒకే ముక్క. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి తలో దారీ పట్టింది.

ఈ ఆఫీసుకి రాకముందు ఇంకో ఏజెంటు దగ్గర నాలుగు వేలు పోగొట్టుకున్నాం. ఆయన మందు ఒకటే: అన్నీ మార్చేద్దాం. నాన్న పేరు గెజిట్‌లో వేయిద్దాం, రెండు పేపర్లలో ప్రకటన ఇద్దాం, ఆధార్ దిద్దుదాం, మిల్లు నుంచి కొత్త ఉత్తరం తెద్దాం. ఆ ఊపులో "తాతగారి పేరు కూడా గెజిట్‌లో..." అనేశాడు. తాత 1989లో పోయాడు. పైగా 1951 కాగితంలో ఊరి పేరు పక్కన చికాకోల్ అని ఉంటే, "ఇది బర్మాలో ఊరండీ, ఇది చూపిస్తే మీకే దెబ్బ" అని భయపెట్టాడు. రెండు రాత్రులు నేను నిద్రపోలేదు.

అప్పుడు ఎవరో చెబితే ఈ మేడ ఎక్కాం. లోపల ఇద్దరే. రిటైరైన డిప్యూటీ తాసిల్దారు ఒకాయన, టైపు చేసే ఆయన మేనకోడలు. పెద్దాయన కాగితాలు ముట్టుకోకుండా ముందు నాన్నని అడిగాడు, "మీ పేరు చెప్పండి బాబూ." నాన్న చెప్పాడు. ఆయన ఓ గళ్ళ పుస్తకంలో తెలుగులో సింహాచలం అని రాశాడు. తర్వాత ఒక్కో కాగితం నా చేతికిచ్చి పైకి చదవమన్నాడు. ఎన్ హెచ్ ఉన్నదీ, రెండు ఎంలు ఉన్నదీ, అన్నీ చదివాను. "ఏం వినపడింది?" అన్నాడు. ఒకే పేరు వినపడింది. "రాసింది మీరు కాదు, మీ నాన్నా కాదు. గుమస్తా చెవిలో ఏది పడితే అది రాశాడు. వాడి చెవిని మీరెందుకు గెజిట్‌లో దిద్దాలి?"

చికాకోల్ అని చూడగానే నవ్వాడు. అది శ్రీకాకుళమే, తెల్లవాళ్ళ నోట పడి అలా అయింది. జిల్లా విజగపటం అని ఉండటం కూడా సహజమేనట. శ్రీకాకుళం జిల్లా విడిపోయింది 1950 ఆగస్టు 15న. తాత అంతకు ముందే ఊరొదిలాడు కాబట్టి వదిలినప్పటి జిల్లా పేరే చెప్పుకున్నాడు. "ఇది మీకు దెబ్బ కాదమ్మా, బలం. దొంగ కాగితం చేసేవాడికి చికాకోల్ అని రాయాలని తోచదు."

ఈ ఆఫీసు చేసే పని అసలు ఇదీ. వీళ్ళు ఏ పేరునీ దిద్దరు. ఉన్నది ఉన్నట్టే ఉంచి, అవన్నీ ఒకే మనిషివని చూపిస్తారు. గళ్ళ పుస్తకంలో అడ్డంగా ఒక్కో కాగితం, నిలువుగా ఆ కాగితంలో పేరు ఎలా ఉంది, తండ్రి పేరు ఎలా ఉంది, ఊరేది, వయసు లెక్క వేస్తే ఏ ఏడు వస్తుంది, ఒంటి మీద గుర్తులేమిటి, ఆ కాగితం ఏ భాషలోంచి ఏ భాషలోకి వెళ్ళింది. పేరు గడిలో అక్షరాలు ఎగిరెగిరి పడుతుంటే పక్క గడులు కదలకుండా కూర్చున్నాయి. తాత కుడి కనుబొమ్మ మీద కోత మచ్చ రాయబార కార్యాలయం కాగితంలో రాసి ఉంది, బర్మా పుస్తకంలోని ఫోటోలో కనిపిస్తోంది. ఆయన భూతద్దం ఇస్తే నేనే చూశాను. నాకు ఊహ తెలిసేసరికి తాత ముడతల్లో కలిసిపోయిన మచ్చ, అక్కడ కుర్రవాడి మొహం మీద పచ్చిగా ఉంది.

చట్టం కూడా అంగుళమంత కాగితం మీద రాసి చూపించాడు, అది నాకు బాగా నచ్చింది. రాజ్యాంగంలో ఎనిమిదో అధికరణ ఉంది. మన దేశంలో పుట్టినవాడో, అలాంటివాడి కొడుకో మనవడో బయట ఉంటూ, అక్కడి మన రాయబార కార్యాలయంలో నమోదైతే భారత పౌరుడే. తాత 1951లో నమోదయ్యాడు. 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, 1950 జనవరి 26 తర్వాత, 1992 డిసెంబరు 10కి ముందు బయట పుట్టినవాడికి, పుట్టేనాటికి తండ్రి భారత పౌరుడైతే చాలు. తండ్రి కూడా వారసత్వం మీదే పౌరుడైతే కాన్సులేట్‌లో బిడ్డ పుట్టుకని నమోదు చేయించి ఉండాలన్న మెలిక ఉంది గానీ, తాత పౌరసత్వం వారసత్వం మీద వచ్చింది కాదు, నమోదు మీద వచ్చింది. మెలిక మాకు తగల్లేదు. "అంటే మీరు రుజువు చెయ్యాల్సినవి రెండే. 1951 అప్పలస్వామి మీ తాత. 1957లో అతనికి పుట్టిన పిల్లాడు ఈయన." మొదటి ఏజెంటు ఇరవై పనులు చెప్పాడు. ఈయన రెండు చెప్పాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

మొదటిదానికి తాత పుట్టుక రికార్డు వెతికారు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాక ఊళ్ళ రిజిస్టర్లు ఎటు పోయాయో, మండలాలు వచ్చాక ఏ బీరువాలో చేరాయో ఈయనకి తెలుసు. దరఖాస్తు పెట్టించి మూడోసారికి 1925 రిజిస్టరు బయటికి తీయించాడు. చెదలు సగం తినేసింది. ఆ పేజీలో తారీకు, ఊరు, మా ఇంటిపేరుతో సహా తండ్రి రామయ్య, కింద "మగ" అని ఉంది. పేరు గడి ఖాళీ. పుట్టిన వారంలోపే రాయించేవాళ్ళు, అప్పటికి బారసాలే అయ్యుండదు. నాకు ఏడుపొచ్చింది. పెద్దాయన మాత్రం నకలు కోసం అప్పటికే డబ్బు కట్టేస్తున్నాడు. "స్పెల్లింగు తప్పని కాగితం మీకు ఇదొక్కటే దొరికింది," అన్నాడు. ఆ ఊళ్ళో, ఆ ఇంటిపేరుతో, ఆ రామయ్యకి ఆ రెండు మూడేళ్ళలో పుట్టిన మగపిల్లాడు ఇంకొకడు లేడని కూడా పేజీలు తిప్పించి రాయించుకున్నాడు. రాయబార కార్యాలయం కాగితంలో తాత వయసు 26, తండ్రి రామయ్య. లెక్క కుదిరింది.

ఇక మార్కు కోసిన సంగతి. బర్మా కాగితాల అనువాదం రెండు వారాల్లో అన్నారు, ఐదు వారాలైంది. ఆ ఐదు వారాల్లో ఫోన్ ఎత్తింది రెండుసార్లు. వచ్చిన అనువాదం చూస్తే తల తిరిగింది. తాత పేరు ముందు "ఊ" చేరి ఊ అప్పలసామి అయ్యాడు. ముత్తాత రామయ్య కాస్తా యామయా అయ్యాడు. అన్నిటికంటే ఘోరం, నాన్న పుట్టిన కాగితంలో పిల్లాడి పేరు "మౌంగ్ తిమ్మాచలం" అని ఉంది. మేనకోడలు అది చదివి నాన్నని అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను: "మీకు తిమ్మాచలం అనే అన్నయ్య ఎవరైనా ఉండేవారా అండీ?" మా మామ్మ లేని బిడ్డని కన్నట్టు నాన్న మొహం చూడాలి. అనువాదం ఎలా వచ్చిందో అలా మాకిచ్చేయకుండా ముందు వీళ్ళు చదువుకుని ఉండాల్సింది. డబ్బు తీసుకునేది అందుకే కదా.

ముడి విప్పింది ఆఫీసు కాదు. రంగంలో మా వాళ్ళ లైన్లోనే ఉండి, అదే ఓడలో వచ్చిన ఒకావిడ ఉంది, ఎనభై నాలుగేళ్ళు, నాన్న పిన్ని వరస. నాన్న పుట్టినప్పుడు తను అక్కడే ఉన్నానని అఫిడవిట్ ఇవ్వడానికి ఆవిడని ఆటోలో తీసుకొచ్చాం. మెట్లెక్కి ఆయాసం తీర్చుకుంటుండగా ఈ తిమ్మాచలం గొడవ చెవిన పడింది. ఫక్కున నవ్వింది.

"మన సింహంలోని స ని ఆళ్ళు స అనరమ్మా. నాలిక పళ్ళ సందున పెట్టి త లాగ అంటారు. సింహాన్ని తీహ అంటారు. సిమ్మాచలం అంటే తిమ్మాచలమే అవుద్ది. ఆ వీధిలో నీ నాయన్ని అందరూ అలాగే పిల్చీవోరు."

"మరి రామయ్య?"

"ర కూడా అంతే, య అనెత్తారు. రంగాన్ని యాంగోన్ అనట్లేదేటి?"

ఊ అనేది పెద్దవాళ్ళకి మన గారు లాంటిదనీ, మౌంగ్ అనేది కుర్రాళ్ళ పేరు ముందు పెట్టేదనీ, బర్మా వాళ్ళకి ఇంటిపేర్లే ఉండవనీ, అందుకే మా ఇంటిపేరు రాయించబోతే గుమస్తా "ఇదెవరు, ఇంకో మనిషా" అని అడిగేవాడనీ, వరసగా చెప్పుకుపోయింది. పెద్దాయన కుర్చీ ముందుకు లాక్కుని గళ్ళ పుస్తకంలో కొత్త గడి గీశాడు. ఆయన్ని మెచ్చుకోవాల్సింది అక్కడ. నలభై ఏళ్ళు రికార్డుల్లో నలిగిన మనిషి, తనకి తెలియని ముక్క ఒక ముసలావిడ చెబుతుంటే బడిపిల్లాడిలా రాసుకున్నాడు, మధ్యలో ఒక్కసారి అడ్డం రాలేదు. అనువాదకుడి చేత మళ్ళీ చేయించారు. అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే రాసి, ఊ, మౌంగ్ పేరులో భాగం కాదనీ, స, ర బర్మా ఉచ్చారణలో ఎలా మారతాయో కింద వివరణ ఇప్పించారు. ఈ రెండోసారికి మా దగ్గర పైసా తీసుకోలేదు.

ఇంకో తప్పు ఉంది, అది క్షమించలేకపోయాను. ఓ రోజు వెళ్ళేసరికి మా ఓడ చీటీ మీద టీ గ్లాసు ఉంది. చీటీ అంచున గోధుమరంగు అర్ధచంద్రం పడింది. అరవై ఏళ్ళు ట్రంకులో భద్రంగా ఉన్న కాగితం అది. మేనకోడలు సారీ చెప్పింది, ఆ మర్నాటి నుంచి అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టారు. అదేదో మొదటి రోజే పెట్టి ఉండొచ్చు.

చివరికి ఫైలు ఇలా తయారైంది. పైన ఒక పేజీ ఉత్తరం, దాని కింద గళ్ళ పుస్తకంలోని పట్టిక టైపు చేసింది, తర్వాత తారీకుల వరసలో కాగితాలు, పాతది ముందు. నాన్న అఫిడవిట్, పిన్ని అఫిడవిట్. ఆ పేర్లన్నీ ఒక్కరివేనని చెప్పే అఫిడవిట్ చాలామంది ముందు పెడతారట, దాన్ని ఈయన చివర పెట్టాడు. "ప్రమాణం ఎవడైనా చేస్తాడు. ముందు కాగితాలు మాట్లాడాలి." 2024 జులైలో అస్సాం కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు, పేర్ల స్పెల్లింగుల్లో చిన్న చిన్న తేడాలు పట్టుకుని మనిషిని విదేశీయుడు అనకూడదన్న తీర్పు ప్రతి కూడా జతచేశాడు, అదీ అట్టడుగున. అది ముందే పెడితే దెబ్బలాటకి వచ్చినట్టు ఉంటుందట. ఈ మాట నాకు మొదట పిరికితనంలా అనిపించింది. కౌంటర్ అవతల కూర్చున్నావిడ పట్టికని వేలితో గడి గడి చదువుకుంటూ, తిమ్మాచలం దగ్గర ఆగి, కింది వివరణ చూసి, తల ఊపి ముందుకి వెళ్ళడం చూశాక ఆయన చెప్పిందే కరెక్టనిపించింది. తీర్పు దాకా ఆవిడ వెళ్ళనే లేదు.

పాస్‌పోర్టు వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగే అందులో ఉంది, ఎన్ హెచ్. నాన్నకి ఆ ఎన్ నచ్చలేదు. "నేను ఎం రాస్తాను కదా" అని ఓ పూట గొణిగాడు గానీ, పుట్టిన ఊరు దగ్గర రంగూన్ అని చూసుకుని ఊరుకున్నాడు.

ఖర్చు చెప్పాలి కదా. ఆఫీసుకి ఏడున్నర వేలు, అనువాదానికి మూడు వేలు, నకళ్ళూ స్టాంపులూ ప్రయాణాలూ విడిగా. అడిగితే తప్ప రసీదు ఇవ్వరు, అడగండి. ఫోన్ మీద ఆశ పెట్టుకోకండి, పొద్దున్న పదకొండు లోపు మనిషే వెళ్ళడం మేలు, ఆ తర్వాత పెద్దాయన ఏదో ఒక మండలాఫీసులో బీరువా ముందు ఉంటాడు. కాగితాలు మీరు ఏరకండి, పెట్టె మొత్తం పట్టుకెళ్ళండి. పనికిరాదని నేను ఇంట్లో వదిలేసిన మిల్లు సర్వీసు పుస్తకం కోసమే రెండోసారి బస్సెక్కాల్సి వచ్చింది. ముసలివాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, ఇరవై రెండు మెట్లు, పట్టుకోడానికి కమ్మీ లేదు. త్వరగా కావాలంటే, పేర్లన్నీ ఒకే తీరుగా కనిపించాలంటే ఈ ఆఫీసు మీకు పనికిరాదు.

వచ్చే సోమవారం మేం మళ్ళీ వెళ్తున్నాం. అఫిడవిట్ ఇచ్చిన పిన్ని తన సంచీ మాకు అప్పజెప్పింది. పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకోటి, రంగం కాగితాల్లో ఏదీ లేదు. పైపైన చూస్తేనే ఆవిడ పేరు నాలుగు రకాలుగా కనిపించింది. ఈసారి ప్లాస్టిక్ కవర్లు నేనే కొని పట్టుకెళ్తాను.